సెలూన్ గోడ మీది కుడిపైట

ఆ రోజుల్లో నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. (ఇప్పుడు నిలుస్తోంది. మోకాళ్ళు ఆ పని చేసిపెట్టాయి.) తొంభైలు ముగిసి రెండువేలు మొదలవుతున్న కాలం. నేను పలాసలో ఒక దినపత్రికకి కంట్రిబ్యూటర్ని. తెలియనివారి కోసం చెబుతున్నాను, కంట్రిబ్యూటర్ అంటే పత్రిక పేరు చెప్పుకుని తిరిగే మనిషి. ఏదైనా గొడవ వస్తే మాత్రం అతనెవరో పత్రికకి తెలియదు. పొద్దున్నే పూండి దగ్గర మా ఊరి నుంచి పాత మోపెడ్ మీద బయలుదేరి, పలాసలో జీడిపిక్కల ధర కనుక్కుని, టెక్కలిలో కోర్టు చుట్టూ ఒకసారి తిరిగి, భావనపాడులో బోట్లు వచ్చాయో లేదో చూసి, సాయంత్రం బస్సుకి వార్తల కవరు కండక్టరు చేతికిచ్చి శ్రీకాకుళం పంపేవాణ్ణి. ఇంత తిరిగినా రాసేవి మూడే వార్తలు: ధర పెరిగింది, ధర తగ్గింది, మా ఉద్దానం ప్రాంతంలో తోటలోకి ఎలుగుబంటి వచ్చింది. మూడోది ఎన్నిసార్లు రాశానంటే, చివరికి పాత కాపీలోనే ఊరి పేరు మార్చి పంపేసేవాణ్ణి. ఎలుగుబంటి ఏనాడూ ఖండించలేదు. నాకేమో విశాఖలో ఆదివారం అనుబంధం వాళ్ళ గదిలో, ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని కళ గురించి రాయాలని ఉండేది. ఏ కళ అని ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ తేల్చుకోలేదు.

చివరికి తేల్చింది ఒక పుస్తకం. విశాఖలో పాత పుస్తకాలు అమ్మే చోట, అట్ట సగం ఊడిపోయిన ఫోటోగ్రఫీ పుస్తకం దొరికింది. వెలుగు ఎటు నుంచి పడాలి, నీడ ఎంత ఉండాలి, చూసేవాడి కన్ను బొమ్మలో ఏ మూల నుంచి ఏ మూలకి నడవాలి, అన్నీ ఉన్నాయి అందులో. నెల్లాళ్ళు చదివేసరికి నాకు మామూలుగా ఫోటో చూడటం చేతకాకుండా పోయింది. మా నాన్న రేషన్ కార్డు మీది ఫోటో చూసి, ముఖానికీ వెనకనున్న తెరకీ మధ్య మాటామంతీ లేదని తీర్పు చెప్పాను. "నీకూ నాకే నేదు, ఆటికెక్కణ్ణుంచి వొత్తాదిరా?" అన్నారు నాన్న, కొబ్బరికాయ వలుస్తూ.

పలాస బస్టాండు దాటాక ఒక సెలూన్ ఉండేది. యజమానిని ఊరంతా సెలూన్ బావ అనేది. అరవై దాటినవాళ్ళూ అలాగే పిలిచేవారు. ఒక్కటే కుర్చీ, దాని ఎదురుగా గోడ వెడల్పున అద్దం, వెనక గోడంతా క్యాలెండర్లు. అవి అప్పటికే ముప్ఫై నలభై ఏళ్ళనాటివి. తారీఖులు ఎప్పుడో చినిగిపోయి, పైనున్న ఆడవాళ్ళు మాత్రం మిగిలారు. తలనూనె కంపెనీలూ, సబ్బుల కంపెనీలూ, బీడీల కంపెనీలూ అచ్చు వేయించి ఊరూరా పంచిన సుందరులు. టెలిఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎవరి మాటా వినకుండా నవ్వుతున్నావిడ ఒకరు, తామరకొలనులో మోకాలి లోతున తడిసిన చీరతో నిలబడ్డావిడ ఒకరు, స్కూటరుకి ఒరిగినావిడ ఒకరు. ఇళ్ళల్లో అయితే బీరువా తలుపు లోపలి వైపు అంటించుకునే రకం బొమ్మలు, ఇక్కడ బాహాటంగా వేలాడేవి. "ఇవి తీసీరాదేటి బావా?" అని ఎవరైనా అంటే, "మా నాన్న పెట్టినోల్లు. ఇన్నాల్లకి ఖాళీ సెయ్యమంటే ఎక్కడికెల్తారు?" అనేవాడు. సున్నం వేసిన ప్రతిసారీ జాగ్రత్తగా దింపి, మళ్ళీ అవే మేకులకి తగిలించేవాడు.

గడ్డం గీయించుకోవడానికి వెళ్ళిన నేను ఒకరోజు ఆ గోడ ముందు నిలబడిపోయాను. చెప్పొద్దూ, వాటిలో పనితనం ఉంది. ఇప్పటి పోస్టర్లలోలాగా వెలుగుని బకెట్లతో గుమ్మరించలేదు. ఒకే దీపం, పైన కాస్త పక్కగా. ముక్కు కింద సీతాకోకచిలుక రెక్కంత నీడ. నలుపు తెలుపుల్లో ఫోటో తీసి తర్వాత కుంచెతో రంగులద్దారు కాబట్టి, పెదవుల ఎరుపు కాస్త గీత దాటి అప్పుడే తాంబూలం వేసుకున్నట్టుండేది. లోపాలూ ఉన్నాయి. కొలనులో ఉన్నావిడ నడుముని కుంచె పట్టినవాడు ఎంతగా చెక్కాడంటే, ఆ నడుముతో ఆవిడ మళ్ళీ గట్టెక్కడం కష్టం. తామరాకులు తడిశాయి, చీర తడిసింది, కాటుక మాత్రం తడవలేదు. ఇక ఎవరి చూపూ చూసేవాడి మీద ఉండదు. అందరూ గోడకి అవతల రావలసిన ఏదో బస్సు కోసం చూస్తున్నట్టుండేవారు. (నాకు ఆ చూపు బాగా తెలుసు. అద్దంలో రోజూ చూసుకునేదే.)

శ్రీకాకుళం డెస్కులో జిల్లా పేజీలు చూసే పెద్దాయన ఒకరుండేవారు. మేమంతా గురువుగారు అనేవాళ్ళం. వారం వారం ఒక క్యాలెండర్ బొమ్మ మీద కళావిమర్శ రాస్తానని ఫోనులో చెప్పాను. "ఈ వారం ఎలుగుబంటి లేదా?" అన్నారు. లేదన్నాను. "సరే, నాలుగు రాయి. ఎవరూ చెప్పులు విసరకపోతే ఆదివారం వాళ్ళకి నీ పేరు చెబుతాను." మొదటి రెండు వారాలు చెప్పులు రాలేదు. టెలిఫోను సుందరి మీదా, కొలను సుందరి మీదా రాసినవి చదివి, కాలేజీ లెక్చరరు ఒకాయన నడిరోడ్డు మీద నన్ను ఆపి బాగున్నాయన్నాడు. నేను మోపెడ్ దిగకుండానే విశాఖ చేరిపోయాను.

మూడోది స్కూటరు సుందరి. గోడ దగ్గర వెలుగు చాలక, బొమ్మని మేకు నుంచి దింపి గుమ్మం దగ్గరికి తెచ్చి, ఎండలో పెట్టి ఫోటో తీసుకున్నాను. అప్పుడు కనబడింది: ఆవిడ పైట కుడి భుజం మీద ఉంది. మావైపు కాని పాఠకులకి ఒక సంగతి చెప్పాలి. మా ఉద్దానంలో పాతకాలపు ఆడవాళ్ళు కుడిపైట వేస్తారు. పట్నం చేరినవాళ్ళూ చదువుకున్నవాళ్ళూ ఎడమకి మార్చేశారు గానీ, మా నాయనమ్మ ఈడువాళ్ళకి పైట ఎడమ భుజం మీద వేయడమంటే ఒక కాలి చెప్పు ఇంకో కాలికి తొడుక్కున్నట్టే. మరి కలకత్తా తలనూనె కంపెనీ క్యాలెండర్ మీద కుడిపైటతో నిలబడ్డ ఈ సుందరి ఎక్కడిది? ఇంకెక్కడిది! ఆ కాలంలో మావైపు నుంచి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనికి ఎంతమంది వెళ్ళలేదు? అక్కడి నుంచి కలకత్తా ఎంత దూరం? ఇక కలం ఆగలేదు. స్కూటరు హ్యాండిలు నుంచి ఆమె మోచేతి మీదుగా పైట అంచు వరకు కన్ను ఎలా జారుతుందో ఒక పేరా, ఆవిడ 'మర్మగర్భమైన చిరునవ్వు' మీద ఒక పేరా, ఆ పైట ఉద్దానానిదే అని మూడు పేరాలు రాశాను. నాకిది ఎలా తెలుసో చెప్పకపోతే పాఠకుడు నమ్మడని, 'ఖరగ్‌పూర్‌లో పదేళ్ళు కాపురం చేసి వచ్చిన మా నాయనమ్మ ఇప్పటికీ ఇలాగే వేస్తుంది' అని ఒక వాక్యం చేర్చాను. గురువుగారు 'క్యాలెండర్ సుందరి మన ఉద్దానం ఆడపడుచే' అని శీర్షిక పెట్టారు. కింద నా పేరు, మా ఊరి పేరు.

ఆ వాక్యం ఏం చేసిందో మధ్యాహ్నానికి తెలిసింది. చదివినవాళ్ళు మిగతా పేరాలన్నీ వదిలేసి దాన్నొక్కదాన్నే పట్టుకున్నారు. ఉద్దానం మనిషి, ఖరగ్‌పూర్, కుడిపైట, పైగా రాసినవాడు సొంత మనవడు. ఇంక తేల్చడానికి ఏముంది? పూండి స్టేషన్ దగ్గర టీ తాగుతుంటే ఒకాయన వచ్చి, "ఏరా, మీ మామ్మ స్కూటరెక్కిందటగదా, మాకెప్పుడూ సెప్పనేదేటి?" అన్నాడు. నవ్వేసి ఊరుకున్నాను. ఇంటికెళ్ళాక ఆ నవ్వు పోయింది. చెల్లి గుమ్మంలో కూర్చుని ఏడుస్తోంది.

చెల్లికి టెక్కలిలో సంబంధం కుదిరింది. ఆ ఆదివారమే లగ్నపత్రిక రాసుకోవాలి. పెళ్ళికొడుకు తండ్రిని మేమంతా ముందుగానే టెక్కలి మావగారు అనేస్తున్నాం; పొలం ఎంత ఉందో పరువూ అంతే ఉందని అనుకునే పెద్దమనిషి. ఆయన పక్కింటికి ఫోన్ చేసి, "లగ్నపత్రిక సంగతి తరవాత. ముందు నాను పలాసెల్లి ఆ బొమ్మేటో సూత్తాను. రాసినోణ్ణి శనివారం అక్కడుండమనండి" అని పెట్టేశారట. చెల్లికి ఆ అబ్బాయి నచ్చాడు. ఎంత నచ్చాడో ఆ ఏడుపు విన్నాకే మాకు తెలిసింది.

"అన్నయ్యా, నీకు ఎలుగుబంట్లు సాల్లేదేటి? ఎల్లి ఎల్లి మామ్మ మీదే రాయాలేటి?" అంది.

"రాసింది మామ్మ మీద కాదే, కళ మీద."

"అదేదో నీ పెళ్ళికి అడ్డం పడితే తెల్సును," అంది అమ్మ వంటింట్లోంచి.

అందరం కలిసి నాయనమ్మ దగ్గరికి వెళ్ళాం. (మేం మామ్మ అంటాం, ఊళ్ళో అందరికీ ఖరగ్‌పూర్ మామ్మ.) 'నేను కాదు' అని ఆవిడ గట్టిగా ఒక్క మాట అంటే చాలు, నాన్న టెక్కలి వెళ్ళి చెప్పుకుంటారు. ఆవిడ అరుగు మీద గోడకి జారబడి కూర్చుంది. "అమ్మా, ఆ బొమ్మ నువ్వు కాదుగదా?" అని అడిగారు నాన్న. నాయనమ్మ జవాబు చెప్పబోయినట్టే నోరు తెరిచి, చేతిలో కాలుతున్న చుట్టని నిప్పు వైపు లోపలికి పెట్టి పెదవులు మూసేసింది. మావైపు పెద్దవయసు ఆడవాళ్ళు చుట్టని అలాగే తాగుతారు, అడ్డపొగ అంటాం. నిప్పు నోట్లో ఉన్న మనిషి చేత మాట్లాడించడం ఎవరి తరమూ కాదు. నాన్న మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ పొగే వచ్చింది. ఆవిడ ముఖంలో తప్పు చేసిన భయమూ లేదు, నింద పడిన కోపమూ లేదు. డెబ్బై ఏళ్ళ మనిషి, బుగ్గలో బెల్లంముక్క దాచుకున్న పిల్లలా ఉంది. వాకిట్లోంచి పోయే ఆడవాళ్ళు ఆగి ఆగి చూసి పోతున్నారు. చూడనీ అన్నట్టు పైట సర్దుకుంది.

పోనీ పోలికలు చూపిద్దామంటే, వయసులో ఉన్నప్పటి నాయనమ్మ ఫోటో ఇంట్లో ఒక్కటీ లేదు. బొమ్మలోని ముఖాన్నేమో కుంచె పట్టినవాడు నున్నగా చేసేశాడు. ఆ నునుపు కింద ఎవరి నాయనమ్మయినా ఉండొచ్చు. శనివారం దాకా నేను ఊరికే తిరిగాను. భావనపాడు వెళ్ళాను, ఎందుకు వెళ్ళానో గుర్తులేక వెనక్కి వచ్చాను. చెల్లి పెళ్ళి ఆగితే ఆ ఇంట్లో నేను అన్నం ఎలా తింటానన్నది ఒక్కటే ఆలోచన.

శనివారం పదింటికి టెక్కలి మావగారు సెలూన్‌కి వచ్చారు. తెల్లపంచె, భుజాన కండువా, చేతిలో మడతపెట్టిన మా పేపరు. కుర్చీలో అప్పటికే స్కూటర్ల మెకానిక్ ఒకడు సగం గడ్డం గీయించుకుని, మిగతా సగం నురగతో కూర్చుని ఉన్నాడు. నేను లేచి నమస్కారం పెట్టాను. ఆయన గోడ వైపు చూశారు.

"ఇదేనా?"

"ఇదేనండి. కానీ మావగారూ, నేను రాసింది..."

"నువ్వు రాసింది సదివినాను బాబూ. మోచేతి మీంచి కన్ను జారతాదని కూడా రాసినావు. ఎవలి మోచేతి మీంచి?"

ఆయన కళ్ళజోడు సర్దుకుని బొమ్మ దగ్గరికి వెళ్ళారు. "కుడిపైటే. మా అమ్మ కూడా ఇలగే ఏసీది. మరింకేటి, మనేపు మనిషే." ఆ గొంతులో కోపం కన్నా దిగులు ఎక్కువ ఉంది. "మీ సెల్లి గుంట మంచిదే బాబూ, నాకు తెల్సు. గానీ రేపు పందిట్లో మా సుట్టాలు మీ మామ్మకి దండం పెడతారా, నీ బొమ్మ ఏ సెలూన్లో ఉన్నాదని అడుగుతారా, నువ్వే సెప్పు."

"కుడిపైటేటండి?" అన్నాడు మెకానిక్ కుర్చీలోంచి, ఎదురుగా చూస్తూనే. "ఎడంపైటే గదా."

"కళ్ళు కనబడతన్నాయా నీకు?" అన్నారు మావగారు.

"పదిహేనేళ్ళ నుంచి ఈ కుర్సీలో కూసుని సూత్తన్నాను మావా. బావ గెడ్డం గీసినంతసేపూ నాకు అదే పని. ఎడంపైటే. పేపరు సదివి, ఈ సెలూన్లో నాకు తెలీని ఇంకో బొమ్మ ఉన్నాదేటి అని బావనడిగినాను. కావాలంటే అడగండి."

"అడిగినాడండి," అన్నాడు సెలూన్ బావ కత్తి పక్కన పెట్టి. "నాకూ ఎడంపైటనే గురుతు."

మావగారి గొంతు పెరిగింది. మెకానిక్ గొంతు ఇంకా పెరిగింది. ఆటో దిగినవాళ్ళిద్దరు గుమ్మంలో నిలబడ్డారు. చివరికి మెకానిక్, "ఏదీ, సూద్దారి" అంటూ నురగ ముఖంతోనే కుర్చీలోంచి లేచి, వెనక్కి తిరిగి, పదిహేనేళ్ళలో మొదటిసారి ఆ బొమ్మని ముఖాముఖి చూశాడు. నోరు తెరిచాడు. పైట కుడి మీద ఉంది. మళ్ళీ అద్దంలోకి చూశాడు. ఎడమ మీద ఉంది. మరోసారి గోడ వైపు తిరిగి, ఈసారి సుందరిని వదిలేసి ఆవిడ ఒరిగిన స్కూటరు మీదికి వంగాడు.

"మావా, స్కూటరుకి కిక్కు ఎటేపుంటాది?"

"కుడేపు."

"మరిక్కడో?"

మావగారు వంగి చూశారు. నేనూ వంగి చూశాను. కిక్కు రాడ్డు శుభ్రంగా ఎడమవైపు ఉంది.

"ఎడంకాలితో కిక్కు కొట్టే స్కూటరు నానింతవరకూ ఇప్పనేదు," అన్నాడు మెకానిక్. "మనిషైతే కుడిపైట ఏసుకుంటాది. బండి కూడా ఏసుకుంటాదేటి? బొమ్మే తిరగేసి అచ్చుకొట్టినారు."

అచ్చాఫీసులో ఫిల్ము తిరగబడితే ఇలా అవుతుందని నా అట్ట ఊడిన పుస్తకంలోనే ఉంది. ఆ పేజీ నేను చదివాను కూడా. కంపెనీ పేరు విడిగా అచ్చు వేస్తారు కాబట్టి కింది అక్షరాలు సరిగానే ఉన్నాయి. అక్షరాలని నమ్మడం నాకు అలవాటు. ఆ సెలూన్లో గడ్డం గీయించుకున్న ప్రతి మనిషీ ఆవిణ్ణి అద్దంలోనే చూస్తూ, అచ్చువాడి తప్పుని తనకి తెలియకుండానే దిద్దుకుంటూ వచ్చాడు. బొమ్మని దింపి, ఎండలో పెట్టి, కళాదృష్టితో చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.

మావగారు కండువాతో ముఖం తుడుచుకున్నారు. తర్వాత భుజాలు కదలడం మొదలుపెట్టాయి. అది నవ్వు అని తెలియడానికి నాకు కొంత సమయం పట్టింది. "అయితే ఈవిడ మీ మామ్మని సెప్పడానికి ఏటీ లేదన్నమాట." లేదన్నాను. "అదే పేపర్లో ఎయ్యి. రేపు పొద్దున్న లగ్నపత్రికకి వచ్చేత్తన్నాం." గుమ్మం దాటబోతూ ఒకసారి వెనక్కి తిరిగి గోడ వైపు చూసి, "బొమ్మ బాగున్నాదిలే," అన్నారు చిన్నగా.

గురువుగారికి ఫోన్ చేశాను. అంతా విని, "రెండు వాక్యాల సవరణ పంపు. నాలుగో బొమ్మ అక్కర్లేదు. ఆదివారం వాళ్ళకి నీ గురించి ఇంకా చెప్పలేదులే, మంచిదైంది," అన్నారు. ఇంటికి వెళ్ళేసరికి కబురు నాకన్నా ముందు చేరింది. చెల్లి ముఖం కడుక్కుని జడ వేసుకుంటోంది. నాన్న రేపటికి అరటిగెల కోసం తోటకి వెళ్ళారు. నాయనమ్మ మాత్రం అరుగు మీద అలాగే ఉంది. నేను చెప్పింది విని, నోట్లోంచి చుట్ట తీసింది.

"అయితే నాను కాదన్నమాట."

"నువ్వు కాదని నీకు తెల్దేటి మామ్మా?"

"తెల్సు," అంది. "మీ తాత స్టూడియోకి తీసుకెల్తానని మూడుపాల్లు అన్నాడు. ఒకపాలి డూటీ. ఒకపాలి వాన. ఒకపాలి మీ నాన్న పుట్టినాడు. నాలుగోపాలికి ఆయనే లేకపోనాడు. ఈ రెండు మూడు రోజులూ అందరూ నన్ను సూసి, వయసులో ఇలగుండీదా అనుకున్నారు. అనుకోనీ అనుకున్నాను. గుంట పెళ్ళి పాడైపోద్దంటే సెప్పీసీదాన్నిరా. ఆదివారం దాకా సూద్దామని."

సెలూన్ బావని బతిమాలి ఆ క్యాలెండర్‌ని ఒక పూటకి వెంట తెచ్చాను. విప్పి ఆవిడ ఒళ్ళో పెట్టాను. నాయనమ్మ దాన్ని దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, చాలాసేపు చూసింది.

"నువ్వు ఏటేటో రాసినావంట గానీ, ఈ పిల్ల కాలు సూసినావేటి? మడమెత్తి ఒంటికాలి మీద నిలబెట్టినారు. ఎంతసేపు నిలబెట్టినారో. ఆ నవ్వు సూడు. కాలు నొప్పెడతంది దానికి."

చూశాను. నిజమే. మోచేతి మీదా, అంచు మీదా, నీడ మీదా అన్ని పేరాలు రాసినవాణ్ణి, బొమ్మ అడుగున ఎత్తి ఉన్న ఆ మడమని చూడలేదు. నా మర్మగర్భమైన చిరునవ్వు, పిక్క పట్టేసినా కదలొద్దన్నందుకు బిగబట్టిన పళ్ళు.

ఆ సాయంత్రం బస్సు వేళ దాకా సవరణ తెమల్లేదు. నా జీవితంలో ఏ వార్తకీ అంత కుదురుగా కూర్చోలేదు. రాసి, కొట్టేసి, చివరికి ఇలా పంపాను: 'మొన్న ప్రచురించిన క్యాలెండర్ చిత్రం అసలు ముద్రణలోనే కుడి ఎడమలు తారుమారయ్యాయని తెలిసింది. అందువల్ల చిత్రంలోని మహిళ ఏ ప్రాంతం వారో, ఎవరో చెప్పలేము.' గురువుగారు దాన్ని జీడిపిక్కల ధరల కింద వేశారు. ఆదివారం లగ్నపత్రిక సందడిలో, టెక్కలి మావగారు అది చదువుకుని తృప్తిగా తలాడించి పేపరు మడిచారు. అందరూ వెళ్ళాక అరుగు మీద నాయనమ్మకి చదివి వినిపించాను.

"మల్లీ సదువు," అంది.

మళ్ళీ చదివాను.

"సెప్పలేమంటే, అవ్వొచ్చనేగదా?"

పేపరు మడిచి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

ఆదివారం అనుబంధంలోకి నేను వెళ్ళడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. కళ గురించి బోలెడు రాశాను, ప్రతిదాని కిందా నా పేరు పెద్ద అక్షరాల్లోనే వేశారు. అయితే నేను రాసినదాన్ని ఒక మనిషి మళ్ళీ చదవమని అడగడం మాత్రం ఆ రెండు వాక్యాలకే జరిగింది. వాటి కింద పేరు వేయలేదని ఆ రోజు నేను కాస్త బాధపడ్డాను కూడా.